ఎర్ర నాబ్ అక్కర్లేని కార్బ్యురేటర్

చాలా చిన్న విమానాల కాక్‌పిట్‌లో ఒక ఎర్ర నాబ్ ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ పైలట్ దాన్ని కొద్దికొద్దిగా వెనక్కి లాగి పెట్రోలు తగ్గిస్తుంటాడు. పది వేల అడుగుల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో 74 శాతమే. మామూలు కార్బ్యురేటర్‌లో పెట్రోలు మాత్రం అంతగా తగ్గదు, సాంద్రత వర్గమూలం లెక్కనే తగ్గుతుంది. దాంతో మిశ్రమం దాదాపు 16 శాతం చిక్కబడి, ప్లగ్గులకు మసి పడుతుంది, శక్తి తగ్గుతుంది.

సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు ఎంతో ఇష్టపడే ఆస్ట్రియా ఇంజన్ రోటాక్స్ 912కి ఆ నాబే లేదు. కిట్‌ఫాక్స్‌లోనూ, వ్యాన్స్ ఆర్‌వీ-12లోనూ కనిపించే ఈ ఇంజన్‌లో ఆ పని చూసుకునేవి రెండు బింగ్ 64 కార్బ్యురేటర్లు. ఒకప్పుడు బీఎండబ్ల్యూ మోటార్‌సైకిళ్లకు బిగించిన రకమే ఇది.

మూత విప్పి చూస్తే పల్చటి రబ్బరు డయాఫ్రమ్, దానికి వేలాడే పిస్టన్, పిస్టన్ కింద పొడవాటి సూది ఉంటాయి. పైలట్ లివర్ కదిపితే తిరిగేది థ్రాటిల్ రేకు మాత్రమే. పిస్టన్‌ను లేపేది గొంతులో పుట్టే సక్షన్. అది ఎక్కువైతే పిస్టన్ లేచి దారి వెడల్పు చేస్తుంది, తగ్గితే దిగి ఇరుకు చేస్తుంది. పిస్టన్ బరువూ, దాని పైనున్న చిన్న స్ప్రింగూ కలిసి ఆ సక్షన్‌ను ఇంచుమించు ఒకే స్థాయిలో నిలుపుతాయి. ఎత్తులో గాలి పలచనైతే, ఇంజన్ అదే వేగంతో తిరుగుతున్నా మునుపటంత సక్షన్ పుట్టదు. పిస్టన్ దానంతటదే దిగుతుంది, వెంట సూది కూడా పెట్రోలు వచ్చే రంధ్రమైన జెట్‌లోకి దిగి పెట్రోలును బిగబడుతుంది. ఎంత చక్కటి ఆలోచన!

అసలు పనితనమంతా ఆ సూది సన్నబడే తీరులో ఉంది. ఎక్కడ ఎంత సన్నబడాలో వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కాలి. దాని తలకున్న గాట్లలో క్లిప్పును ఒక గాటు మార్చినా మిశ్రమం మారిపోతుంది.

నాకు అంతకన్నా నచ్చిన సంగతి ఇంకోటుంది. థ్రాటిల్ కేబుల్ తెగితే రేకుకున్న స్ప్రింగ్ దాన్ని మూయదు, పూర్తిగా తెరిచేస్తుంది. రోడ్డు మీది బండికి అది ప్రమాదం. గాల్లో ఉన్నవాడికి మాత్రం అదే ప్రాణరక్ష: ఇంజన్ పూర్తి శక్తితో తిరుగుతుంటే రన్‌వే దాకా చేరవచ్చు, దిగేముందు ఇగ్నిషన్ కట్టేయవచ్చు.

అయితే ఇది కాస్త శ్రద్ధ అడిగే పనిముట్టు. పెట్రోలు నిలిచే గిన్నెలో తేలే రెండు ఫ్లోట్లూ కలిపి 7 గ్రాములు దాటకూడదు. పెట్రోలు పీల్చుకుని బరువెక్కితే అవి మునుగుతాయి, గిన్నెలో మట్టం పెరిగి మిశ్రమం చిక్కబడుతుంది. రెండు కార్బ్యురేటర్లూ సమానంగా తెరుచుకునేలా సరిచూసుకోకపోతే ఇంజన్ వణుకుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఎత్తులో ఎగిరితే ఈ సర్దుబాటు పాక్షికమే. ఎత్తులో గంటల తరబడి ఎగురుతూ చుక్క చుక్కా ఆదా చేయాలనుకునేవారికి ఎర్ర నాబే మేలు.

మిగతావారికి నా ఓటు బింగ్‌కే. 2012లో ఇంజెక్షన్‌తో 912 ఐఎస్ వచ్చింది. అయినా కార్బ్యురేటర్ల 912ను రోటాక్స్ ఇప్పటికీ తయారు చేస్తూనే ఉంది.