జడ్చర్ల తోటలో గురువుల పనితనం

అధ్యాపకుల ఘనతను విదేశీ సదస్సుల లెక్కతో కొలవడం మనకు అలవాటు. జడ్చర్లలోని డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాల మరో కొలమానం చూపింది. వృక్షశాస్త్ర అధ్యాపకులు డాక్టర్ సదాశివయ్య చొరవతో, విద్యార్థుల శ్రమతో ఆ ఆవరణలోనే తెలంగాణ బొటానికల్ గార్డెన్ రూపుదిద్దుకుంది. చిన్న ఊరి మొక్కలతో ప్రపంచానికేం పనని కొందరు అడగొచ్చు. వృక్షశాస్త్రం నిలబడిందే ఇలాంటి స్థానిక సేకరణ మీద. పూతతో ఉన్న కొమ్మను కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, అట్టకు అతికించి, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు రాస్తారు. ఆ నమూనా ఏ దేశపు శాస్త్రవేత్తకైనా సాక్ష్యమే. అలా శాస్త్రానికి కొత్తదైన మొక్క దొరికితే దాన్ని లాటిన్‌లోనే వర్ణించాలన్న నియమమూ 2012లో సడలింది. ఇంగ్లిష్‌లో రాసినా చెల్లుతుంది. ఈ తోటపని, సేకరణల వల్ల పాఠాలు కుంటుపడవా అంటే, ఇదే అసలు పాఠం. ఆకును చేత్తో పట్టి పోల్చుకున్న విద్యార్థి దాన్ని పరీక్షతో మరచిపోడు. ఈ ఓపికైన పనితనమే మన అధ్యాపకుల నిజమైన అంతర్జాతీయ విజయం.