కారం సరే, రుచి సంగతేంటి?

కొత్తగా మిద్దె తోట మొదలుపెట్టే కుర్రాళ్ళకు మిరప అనగానే కరోలినా రీపరే గుర్తొస్తుంది. కాకపోతే భూత్ జొలోకియా. రెండూ నోరు కాల్చే రకాలే. మా మేనల్లుడైతే ఇంకో మెట్టు పైకెళ్ళి, "మావయ్యా, ఒక్క కాయ కొరికితే అంబులెన్సు రావాలి, అలాంటి విత్తనం చెప్పు" అన్నాడు. "ముందు ఆ కాయలతో ఏం వండుకుంటావో చెప్పరా" అన్నాను. వాడి దగ్గర జవాబు లేదు.

కారాన్ని లెక్కగట్టడం 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఫార్మసిస్టుతో మొదలైంది. మిరప సారాన్ని పంచదార నీళ్ళలో పలచన చేస్తూ పోయి, నాలుకకు మంట తెలియకుండా పోయేదాకా ఎన్ని రెట్లు నీళ్ళు పట్టాయో అదే కొలత అన్నాడు. ఆ కొలతలో మన గుంటూరు సన్నం 35 వేల నుంచి 40 వేల దగ్గర ఉంటుంది. 2013లో గిన్నిస్ బుక్కుకెక్కిన రీపర్ 15 లక్షలు దాటింది. 2023లో దాన్ని తోసేసిన పెప్పర్ ఎక్స్ 26 లక్షలు దాటింది. చూడ్డానికి బాగానే ఉన్నాయి అంకెలు. కానీ రీపర్ చెట్టు ఒక్కటి చక్కగా కాసిందంటే ఆ కాయలు ఇంటిల్లిపాదీ ఏడాదంతా తిన్నా తరగవు. చివరికి ఫొటోలు తీసుకుని, స్నేహితులకు తలా రెండు పంచి, మిగిలినవి ఎండబెట్టి ఏ డబ్బాలోనో మరిచిపోవడమే. కాసేదాకా ఐదారు నెలలు నీళ్ళు పోసి పెంచింది ఇందుకా?

మిరపకాయలో మంట వేరు, రుచి వేరు. బాగా పండిన కాయనొకదాన్ని నిలువుగా చీల్చి చూడండి. తొడిమ కింద నుంచి లోపలికి దిగిన తెల్లటి మెత్తటి భాగాన్ని పట్టుకుని గింజలుంటాయి. కారం చాలావరకు తయారయ్యేది ఆ తెల్లటి భాగంలోనే. గింజలకు అంటుకున్నదంతా దాని చలవే, వాటికి సొంత కారం లేదు. ఆ తెల్లదాన్ని చాకు మొనతో గీకి పారేసి, మిగిలిన ఎర్రటి కండను నాలుక మీద పెట్టుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. కొన్నింట్లో తియ్యదనం, కొన్నింట్లో పుల్లటి పండు వాసన, కొన్నింట్లో ఉత్త తోలు. ఏ మిరప వేయాలో తేల్చుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే. సంతలో నచ్చిన కాయ కనబడితే ఒకటి తెచ్చి ఇలా రుచి చూసి, ఆ తర్వాతే విత్తనం సంగతి ఆలోచిస్తాను.

రుచిలో సగం కాయ పండే దశదే. పచ్చికాయకుండే ఆ గడ్డి వాసన పైరజీన్లనే పదార్థాలది. కాయ పండే కొద్దీ అది తగ్గి, చక్కెరలూ ఎరుపు రంగూ వస్తాయి. బజారులో పచ్చిమిర్చి ఏడాది పొడుగునా దొరుకుతుంది, ఎండుమిర్చి అంతే. ఆ రెంటికీ మధ్యనున్న పండుమిరపకాయ మాత్రం సంక్రాంతి దాటాక కొన్నాళ్ళు రైతుబజారులో కనబడి మాయమైపోతుంది. మెత్తబడుతుంది గనక దూరం పంపడానికి పనికిరాదు, వ్యాపారికి దాంతో లాభం లేదు. ఇంట్లో చెట్టున్నవాడికి మాత్రం అది రోజూ కోసుకునే సరుకు. పండుకాయల తొడిమలు తీసి, తడి లేకుండా ఆరబెట్టి, ఉప్పూ చింతపండూ వేసి రోట్లో దంచి జాడీకెత్తిన పచ్చడి రుచిని పచ్చికాయా ఇవ్వలేదు, ఎండుకాయా ఇవ్వలేదు. కుండీలో మిరప వేయడానికి నాకు ఇంతకు మించిన కారణం కనబడదు. బజ్జీల మిర్చి కోసమైతే కుండీ దండగ, వీధి చివర బండి మీద దొరుకుతుంది.

ఇక రకాల సంగతి. మొదటిసారి వేసేవాళ్ళకు నేను చెప్పేది గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం వాళ్ళ సూటి రకాలు. గుంటూరు మిర్చి యార్డులో '334' అని పిలిచే ఎల్‌సీఏ-334 వాటిలో ఒకటి. మన ఎండకూ మన మట్టికీ అలవాటుపడ్డ విత్తనం, పండుకాయ పచ్చడికి కారం సరిపోతుంది. పైగా సూటి రకం కాబట్టి గింజ దాచుకోవచ్చు. హైబ్రిడ్ ప్యాకెట్టు కొన్నారా, గింజ దాచుకున్నా మరుసటేడు అదే చెట్టు రాదు.

కారం తక్కువ, రంగు ఎక్కువ కావాలంటే వరంగల్ చపాటా చూడండి. లావుగా, పొట్టిగా ఉంటుంది, టమాట మిర్చి అని కూడా అంటారు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కర్ణాటక బ్యాడిగి కూడా ఈ కోవలోదే: ముడతలు పడ్డ పొడుగుకాయ, మంట తక్కువ, రంగు మాత్రం చిక్కన. పిల్లలున్న ఇంట్లో పండుమిరప పచ్చడి చేయాలంటే నా ఓటు చపాటాకే. ఖమ్మం మార్కెట్టును ఏలే తేజ మంచి రకమే, కాదనను. కానీ దాని గొప్ప అంతా కారంలోనే ఉంది. ఎండబెట్టి అమ్మే రైతుకు అది బంగారం, పండుగా కోసుకు తినే మనకు దాని సన్నటి కాయలో కండ ఏది?

కొంచెం తెగించేవాళ్ళుంటే సిక్కింలో పండే డల్లే ఖుర్సానీ ప్రయత్నించవచ్చు. గుండ్రటి ఎర్రకాయ. కారం గట్టిదే గానీ వాసన ఇంకా గట్టిది, అక్కడివాళ్ళు నిలవ పచ్చళ్ళకు వాడతారు. కేరళ కాంతారి మరీ మంచిది: ఆకాశంలోకి చూస్తూ కాసే చిట్టికాయలు, కాస్త నీడ తగిలినా కాస్తుంది, రెండేళ్ళు బతుకుతుంది. ఫ్లాట్ల బాల్కనీల్లో మిగతావన్నీ ముఖం మాడ్చుకుంటే ఇదొక్కటి నిలబడుతుంది. రీపర్ జాతికి చెందిన హబనెరోల పండ్ల వాసన మీద మోజున్నవాళ్ళకు కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ మజురెక్ తయారుచేసిన హబనాడా ఉంది. వాసన ఉంటుంది, మంట ఉండదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు పెరట్లో సులువుగా వేసుకోగలరు. ఇక్కడివాళ్ళకు మాత్రం తొలి ఏడాది ఈ జాతి వద్దంటాను. మొలక రావడానికే రెండు మూడు వారాలు తీసుకుని ఓపికను పరీక్షిస్తుంది.

పెంపకం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. జూన్, జూలైల్లో నారు పోసి, ఐదారు వారాలకు పన్నెండు అంగుళాల కుండీలోకి మార్చి, ఆరు గంటల ఎండ తగిలేలా పెడితే చాలు. ఎండలు 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, అది మీ తప్పు కాదు. యూరియా ఎక్కువైతే ఆకు బలుస్తుంది, కాయ తగ్గుతుంది.

కొత్తవాళ్ళు బేజారెత్తిపోయేది ముడతతో. ఇక్కడ మాత్రం కాస్త ఆగి ఆకును చేతిలోకి తీసుకుని చూడాలి. అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది పై ముడత, తామర పురుగుల పని. కిందికి ముడుచుకుని కాడలు సాగితే కింది ముడత, నల్లి పని. మొదటిదానికి నీలం జిగురు అట్టలు, వేపనూనె. రెండోదానికి నీటిలో కరిగే గంధకం, లీటరుకు మూడు గ్రాములు. చాలామంది ముడత అనగానే దుకాణంలో చేతికిచ్చిన మందు కొట్టేస్తారు, రెంటికీ మందులు వేరని అడిగి తెలుసుకోరు. 2021లో పూతలోకే దూరే నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లో మిరప రైతులను ఎలా ముంచిందో తెలిసినవాళ్ళకు ఈ పురుగును తేలిగ్గా తీసుకోబుద్ధి కాదు. కుండీలో పూల కింద అరచేతిలో తెల్ల కాగితం పట్టి, చూపుడువేలితో పూలను తట్టండి, పడేవి కళ్ళకే కనబడతాయి. ఆకులు చిన్నవై, గుబురుగా కుదించుకుపోయి చెట్టు పెరగడం మానేస్తే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు, పీకి పారేయాలి.

ఇంకొక్క మాట. పక్కన కారం మిరప ఉంటే బుంగమిరప కూడా కారమెక్కుతుందని కొందరి భయం. ఈ ఏడు కాసే కాయకు ఏమీ కాదు. పుప్పొడి కలిసిన ప్రభావం గింజల్లో ఉండి, వాటిని మళ్ళీ నాటితే బయటపడుతుంది. అందుకని విత్తనం దాచుకోదలచినవాళ్ళు పూత విప్పకముందే ఒక కొమ్మకు పలచటి గుడ్డ సంచి కట్టుకోవాలి.

ఈ వానాకాలం రెండు కుండీలు చాలు. ఒకదాంట్లో సూటి రకం గుంటూరు మిరప, ఇంకోదాంట్లో చపాటా. కాయలు పచ్చిగా ఉన్నప్పుడు కోయకండి, పండనివ్వండి. రీపర్ విత్తనాలు ఎవరైనా ఊరికే ఇచ్చినా మొహమాటపడకుండా వద్దనండి.