తోడు లేని దారి: శ్రీశైల యాత్రా వాఙ్మయంలో ప్రయాణ సన్నాహం

ప్రవేశిక

యాత్రా వాఙ్మయాన్ని మన విమర్శ ప్రధానంగా రెండు విధాలుగా చదివింది. ఒకటి క్షేత్రమహిమను చెప్పే భక్తి రచనగా; రెండవది ఒక కాలపు జనజీవితాన్ని తెలిపే చారిత్రకాధారంగా. ఈ రెండు పఠనాల్లోనూ వెనుకబడిపోయినది ప్రయాణ సన్నాహం. నీరు ఎక్కడ దొరుకుతుంది, రాత్రి ఎక్కడ ఆగాలి, ఎవరిని అడగాలి అన్న వివరాలను పాఠకుడు సాధారణంగా త్వరగా దాటిపోతాడు. ఒంటరిగా కాలినడకన బయలుదేరదలచిన వ్యక్తి దృష్టితో చదివినప్పుడు ఆ వివరాలే రచనకు కేంద్రమవుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు శ్రీశైల మార్గాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఈ ఎంపికకు స్వీయకారణం కూడా ఉంది. వచ్చే శివరాత్రికి కర్నూలు నుంచి ఆత్మకూరు మీదుగా శ్రీశైలానికి నడిచి వెళ్లాలని సంకల్పించుకున్నాను. అంత దూరం నడవడం నాకిదే మొదలు. ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే: “తోడెవరు?” ఆ ప్రశ్నకు మన గ్రంథాల్లో ఏ సమాధానాలున్నాయో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

సమూహం, సన్న్యాసం

పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం శివరాత్రికి శ్రీశైలం చేరే భక్తజనాన్ని ద్విపదలో విస్తారంగా వర్ణించింది. సోమనాథుడు పేర్కొన్న తుమ్మెద పదాలు, పర్వత పదాలు, నివాళి పదాలు జానపద సాహిత్య పరిశోధకులకు సుపరిచితాలు. ఈ ప్రకరణంలో యాత్ర సామూహిక చర్య. ఒక్కొక్క మనిషి ఏం మూటకట్టుకున్నాడన్న ప్రశ్న ఇక్కడ ప్రధానం కాదు. జనసమూహమే అతని సన్నాహం. మా అమ్మ ప్రశ్నకు సోమనాథుని సమాధానం “అందరూ” అని.

12వ శతాబ్ది కన్నడ వచన కవయిత్రి అక్కమహాదేవి కథ ఇందుకు పూర్తిగా భిన్నం. రాజైన కౌశికుని విడిచి, కల్యాణం చేరి, అక్కడినుంచి ఆమె శ్రీశైలానికి వెళ్లిందని సంప్రదాయ కథనం. ఈ దారిలో ఒంటరిగా నడిచిన స్త్రీ అనగానే మనకు మొదట స్ఫురించేది ఆమె పేరే. అయితే ఆమె ప్రయాణం సన్నాహానికి వ్యతిరేక దిశలో సాగింది. సన్నాహమంటే కూర్చుకోవడం, ఆమె ఒక్కొక్కటిగా విడుచుకుంటూ పోయింది, చివరకు కట్టుబట్టను కూడా. ఆమెకు తిరుగు ప్రయాణం లేదు. నడిచి వెళ్లి, ఇంటికి తిరిగివచ్చి, మళ్లీ తన పనిలో కూర్చోవలసిన స్త్రీకి ఆ కథ ధైర్యమిస్తుంది గాని దారి చెప్పదు.

వీరాస్వామి మజిలీలు

దారి చెప్పేది ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామి 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారిపొడవునా రాసి పంపిన విశేషాలను ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల గ్రంథరూపంలోకి తెచ్చాడు. ఆ రచన వీరాస్వామి మరణానంతరం, 1838లో అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకటశివరావు దానిని సంపాదకత్వం వహించి తిరిగి వెలువరించారు.

పల్లకి, డేరాలు, దాదాపు నూరుమంది పరివారంతో సాగిన ఈ ప్రయాణం ఒంటరి పాదచారికి ఎలా ఉపకరిస్తుందన్న ఆక్షేపణ సహజమే. సమాధానం రచనా పద్ధతిలో ఉంది. మజిలీ మజిలీకీ ఆయన దాదాపు ఒకే ప్రశ్నావళిని అనుసరిస్తాడు: ఊరు చిన్నదా పెద్దదా, అంగళ్లున్నాయా, నీటి వసతి ఉందా, దిగడానికి చోటుందా, ముందరి దారి ఇసుకా రాయా. ఈ పునరుక్తిని విసుగు పుట్టించే లోపంగా భావించే పాఠకులున్నారు. నా దృష్టిలో అది ఈ రచనకు నిర్మాణసూత్రం. తాను దాటివచ్చిన చోటును తరువాత రాబోయేవాని కోసం అప్పగించే వాక్యం అది. మిత్రునికి రాస్తున్నందువల్ల అందులో సంబోధన సహజంగానే ఉంది. ఆ సంబోధనలోకి తెలియని యాత్రికుడు కూడా వచ్చి చేరుతున్నాడు. వాడుకభాషకు దగ్గరగా ఉన్న వీరాస్వామి శైలిని భాషాచరిత్ర దృష్టితో మెచ్చుకున్నాం. దారి చెప్పే మనిషి మాట్లాడే భాష అదే కనుక ఆ శైలి ఈ ప్రయోజనం నుంచే పుట్టిందని కూడా గుర్తించాలి.

శ్రీశైలం వెళ్లడానికి ఆయన ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా సాగే అడవిదారినే పట్టాడు. ఆ మజిలీలను ఒక కాగితం మీద వరుసగా రాసుకుని, నా వీపున మోయగలిగిన బరువుతో పోల్చి చూశాను. ఆయన పరివారం మోసినదంతా నా జాబితానుంచి పోయింది. మిగిలినవి రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, నీళ్ల సీసా, కాళ్ల పొక్కులకు మందు, అటుకులు. కాని ఆయన అడిగి తెలుసుకున్నదేదీ జాబితానుంచి పోలేదు. మోయగలిగినది తగ్గేకొద్దీ అడిగి తెలుసుకోవలసినది పెరుగుతుందని అప్పుడు అర్థమైంది. నూరుమంది ఉన్నవానికి నీటి వివరం సౌకర్యం, ఒక్కరే నడిచేవారికి ప్రాణాధారం.

నడిచినవారెవరు?

ఈ పఠనానికి ఒక హద్దు కూడా ఉంది. కాశీయాత్ర చరిత్రలో దారిని నిజంగా నడిచినవారు బోయీలు. వీరాస్వామి కూర్చున్న పల్లకి కింద వారి పాదాలున్నాయి. దారి ఇసుకో రాయో మొదట తెలిసింది వారికి. నల్లమలలో దారి ఎరిగినవారు చెంచులు. వీరి అనుభవం వీరాస్వామి వాక్యం ద్వారానే మనకు అందుతోంది. వారి మాటగా అందడం లేదు. పైగా ఊరూరా ఆయనకు దొరికిన సమాచారం వెనుక హోదా, ధనం ఉన్నాయి. అదే ప్రశ్నను ఒంటరి స్త్రీ అడిగితే, నీరెక్కడుందో చెప్పేముందు ఆమె ఎవరో, ఎందుకు ఒక్కతే వచ్చిందో ఎదురు ప్రశ్న వస్తుంది. సన్నాహంలో ఆ ప్రశ్నకు జవాబును కూడా మూటకట్టుకోవాలి. వీరాస్వామికి ఆ అవసరం కలగలేదు.

నేటి దారి

ఇప్పుడు ఆ అడవి పులుల అభయారణ్యం. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా సాగే నడకదారిలోకి భక్తులను అనుమతించేది శివరాత్రి, ఉగాది ఉత్సవ సమయాల్లోనే. ఉగాదికి కన్నడ భక్తులు పెద్దసంఖ్యలో ఈ దారినే నడిచి వస్తారు. కనుక నేను ఒంటరిగా బయలుదేరినా, అడవిలో అడుగుపెట్టేసరికి సోమనాథుడు వర్ణించినటువంటి జనసమూహంలోనే ఉంటాను. నిజంగా ఒంటరితనమున్నది అంతకు ముందు, కర్నూలుకూ ఆత్మకూరుకూ నడుమ రోడ్డు మీద. నా సన్నాహమంతా ఆ భాగానికే అవసరమని మజిలీల జాబితా వేసుకునేవరకూ నాకు తెలియలేదు.

ముగింపు

పర్వత ప్రకరణం తోడును సమూహంలో చూసింది. అక్కమహాదేవి కథ తోడును త్యజించింది. కాశీయాత్ర చరిత్ర తోడును సమాచారంగా మార్చి తరువాతివారికి అందించింది. అందుకే పల్లకిలో సాగిన యాత్ర నేటి ఒంటరి పాదచారికి తక్కిన రెండింటికన్నా దగ్గరగా ఉంది. దానిలో లేనిది నడిచినవారి స్వరం. ఆ లోటును గుర్తించి చదివినప్పుడే యాత్రాచరిత్రల్లోని ‘నీరు కలదు, అంగళ్లు లేవు’ వంటి వివరాల సాహిత్య విలువ తెలుస్తుంది. మా అమ్మకు ఇంకా పూర్తి సమాధానం చెప్పలేదు. రాత్రి ఆగబోయే ఊళ్ల పేర్లు, అక్కడ అడగదలచిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆమె దానిని రెండుసార్లు చదివి, నేను మరచిన ఒక ప్రశ్నను చివర చేర్చింది: చీకటి పడ్డాక చేరితే ఎవరింటి తలుపు తట్టాలి?