విమర్శకుల పురస్కారములు: తీర్పు, హేతువు

న్యూయార్కు చలనచిత్ర విమర్శకుల మండలి 1935లో ఏర్పడి నాటినుండి బహుమతుల నిచ్చుచున్నది. అందు దినపత్రికలవారికే ప్రాధాన్యమున్నదని తలచిన ఇతర పత్రికల విమర్శకులు 1966లో వేఱుగా జాతీయ సంఘమును స్థాపించిరి. ఈ సంఘముల నిర్ణయములను సాహిత్యవిద్యార్థి యేల పట్టించుకొనవలెను? విమర్శ యనగా నేమి యను ప్రశ్న వీనియందు స్పష్టముగా గోచరించును గనుక.

గుణదోషవివేచనము, దానికి హేతునిరూపణము ఈ రెండును గలదే విమర్శ. పురస్కారమున మొదటిదాని ఫలితము మాత్రమే మిగులును. జాతీయ సంఘమున ఒక్కొక్క సభ్యుడు మూడు పేర్లు వ్రాసి వరుసగా 3, 2, 1 అంకెలు వేయును. ఎవరికిని ప్రథమము కాని చిత్రము సైతము ఈ కూడికలో నెగ్గుట సంభావ్యమే. అట్టి తీర్పు ఎవరిది?

అయినను 1985 నాటి లాస్ ఏంజిలిస్ ఉదంతము నా అభిప్రాయమును కొంత సడలించినది. టెర్రీ గిలియమ్ దర్శకత్వము వహించిన 'బ్రెజిల్' ఐరోపాలో 142 నిమిషముల నిడివితో విడుదలయైనది. అమెరికాలో పంపిణీ హక్కులుగల యూనివర్సల్ సంస్థ దానిని కుదించి, సుఖాంతము చేయగోరి, విడుదలను నిలిపివేసినది. నాయకుని విముక్తి భ్రాంతి మాత్రమేయని తేలు ముగింపే ఆ కృతికి ప్రాణము. దానిని మార్చుట నిడివి తగ్గించుట కాదు, రసమునే మార్చుట. దర్శకుడు చాటుగా చూపిన ప్రతిని చూచిన అక్కడి విమర్శకుల సంఘము, అమెరికాలో ఇంకను విడుదలకాని ఆ చిత్రమునకే ఉత్తమ చిత్రము, దర్శకత్వము, చిత్రరచన అను మూడు బహుమతులను ప్రకటించినది. సంస్థ దిగివచ్చి 132 నిమిషముల ప్రతిని విడుదల చేసినది. ఆస్కారు బహుమతి దానికి ఒక్కటియు రాలేదు. ఆ యేటి ఉత్తమ చిత్ర బహుమతి 'ఔట్ ఆఫ్ ఆఫ్రికా'కు దక్కినది. అది వేఱు మాట. ఇచట హేతువు వాక్యరూపమున లేకున్నను కార్యరూపమున నున్నది: కృతి కర్తదే, ముగింపు వ్యాపారిది కాదు.

2022లో న్యూయార్కు మండలి ఉత్తమ చిత్రముగా 'టార్'ను, ఉత్తమ దర్శకునిగా 'ఆర్.ఆర్.ఆర్.' కర్తయగు ఎస్.ఎస్. రాజమౌళిని ఎన్నుకొన్నది. తెలుగువారు సంతసించిరి, నేనును సంతసించితిని. కాని ఉత్తమకృతి ఒకటి, ఉత్తమకర్త వేఱొక కృతికి చెందినవాడు అను విభజనమునకు ఆధారమేమి? దృశ్యసంవిధానమా, గమనవేగమా, వీరాద్భుతముల పోషణమా? నేను చూచినంతలో మన వ్యాసకర్తలు బహుమతిని కీర్తించిరేగాని ఈ ప్రశ్నను స్పృశింపలేదు. రాముని నిప్పుగను భీముని నీటిగను నడపిన తీరునుండి ఆ పరిశీలన నారంభింపవచ్చును.