చిగుళ్ల చాటు పనితనం

యూసుఫ్‌గూడలో మొహమే తిండి పెట్టే మనుషులు చాలామంది. పక్కనే కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, డ్యాన్సర్లు, మేకప్‌వాళ్లు ఉండే అద్దె గదులు. ఇటు పోలీసు మైదానంలో సినిమాల ప్రీ రిలీజ్ వేడుకలు. ఇలాంటి పేటలో డెంటల్ క్లినిక్ బోర్డు మీద తెల్లగా మెరిసే నవ్వు ఉండటంలో వింతేమీ లేదు. కాని లోపల జరిగే పనుల్లో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఏ క్లోజప్‌కీ దొరకదు. బిల్లు మీద స్కేలింగ్ అని రాసే పని అది. జనం మాటల్లో పళ్లు క్లీన్ చేయించుకోవడం.

కుర్చీలో పడుకున్నవాళ్లకి అదంతా మిషను పనే అనిపిస్తుంది. చెవిలో గుయ్యిమనే చప్పుడు, నోరంతా నీళ్లు, వాటిని లాగేసే గొట్టం. ఆ మిషను మొన సెకనుకి 25 వేల నుంచి 50 వేల సార్లు కంపిస్తుంది. ఆ కంపనంతో పుట్టే వేడిని నీళ్లు మోసుకుపోతాయి. గార పెచ్చులుగా రాలుతుంది. అయితే మొనను పంటికి గుచ్చకూడదు, దాని పక్క భాగాన్ని పంటికి దాదాపు సమాంతరంగా ఆనించాలి. నొక్కితే కంపనం తగ్గిపోతుంది, పైగా పంటి మీద గీత పడుతుంది. అందుకే ఆరితేరిన చెయ్యి బలం పెట్టదు. ఉంగరం వేలు పక్క పంటి మీద ఆనుకుని ఉంటుంది; పేషెంటు తల కదిలితే చెయ్యీ దాంతోపాటే కదులుతుంది, మొన తప్పిపోదు.

కింది ముందు పళ్ల లోపలివైపు, పై దవడ పళ్ల బుగ్గవైపు గార ఎక్కువ పడుతుంది. లాలాజల నాళాలు తెరుచుకునేది అక్కడే. లాలాజలంలోని ఖనిజాలే పాచిని రాయిలా గట్టిపరుస్తాయి. అది కంటికి కనిపించే గార, దాన్ని తీయడం సులువే. టీ మరకలు, జర్దా మరకలు అంతకన్నా సులువు. అసలు పని చిగురు కింద మొదలవుతుంది. అక్కడి గార నల్లగా, గట్టిగా, వేరును అంటిపెట్టుకుని ఉంటుంది. దీపం వెలుగు అందదు, అద్దమూ పనికిరాదు.

అక్కడ వేళ్లే కళ్లు. ముందు ప్రోబ్‌తో లోతు చూస్తారు. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీ అది. విలియమ్స్ ప్రోబ్ మీద 4, 6 గీతలు కావాలనే వేయరు. చదవడంలో తికమక రాకుండా ఆ ఖాళీలు గుర్తుగా పనికొస్తాయి. ఒక్కో పంటికి ఆరు చోట్ల, 28 పళ్లకి 168 అంకెలు. పెట్టే ఒత్తిడి పాతిక గ్రాముల బరువంత. 3 దాకా ఫర్వాలేదు. 5, 6 వినిపిస్తే అక్కడ చిగురు పంటిని వదిలి జేబులా తెరుచుకుందని అర్థం. ఆ తర్వాత బియ్యంలో రాయిని వేలు పసిగట్టినట్టు, సన్నటి మొనతో వేరు మీద గరుకును వెతుకుతారు.

ఇక వేరు మీది గారను గీకే క్యూరెట్. అమెరికన్ దంతవైద్యుడు క్లేటన్ గ్రేసీ పేరుతో ఉన్న ఈ పనిముట్ల వరస చూస్తే ముచ్చటేస్తుంది. ముందు పళ్లకి 1/2 నంబరు, దవడ పంటి ముందువైపుకి 11/12, వెనకవైపుకి 13/14. దేని వంపు దానిదే. బ్లేడుకి ఒక్క అంచే పదును, రెండోది మొద్దు, వీపు గుండ్రన; వేరును గీకుతుంటే ఇటున్న చిగురు తెగకూడదు కదా. మూసినట్టుగా పంటికి ఆనించి లోపలికి దించి, అడుగున కాస్త తెరిచి, పైకి పొట్టి పొట్టి లాగులు. పదును పోయిందో లేదో దీపం కింద తిప్పి చూస్తే తెలిసిపోతుంది: మొద్దుబారిన అంచు మీద వెలుగు తెల్లటి గీతలా మెరుస్తుంది, పదునున్న అంచు మీద ఏమీ కనపడదు. మొద్దు క్యూరెట్ గారను తీయదు, నున్నగా రుద్ది వదిలేస్తుంది. తర్వాత వెతికినా వేలికి తగలదు. దానికన్నా అసలు ముట్టకపోవడమే నయం.

ఎక్కడ ఆపాలో తెలియడం ఇంకో విద్య. వేరు గాజులా నున్నబడేదాకా గీకెయ్యాలన్నది పాత పట్టుదల. ఇప్పుడు గార, పాచి పోతే చాలంటారు. వేరు మీది పలచని పొరను పోగొట్టుకోకూడదని.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని, సందులు పడతాయని మన ఇళ్లలో గట్టి నమ్మకం. నిజానికి చిగురు దిగిపోయిన చోట గార సిమెంటులా కూర్చుని ఉంటుంది. అది తీసేస్తే అప్పటికే ఉన్న సందు బయటపడుతుంది. కెమెరా ముందు నిలబడే మనిషికి ఆ భయం ఇంకాస్త ఎక్కువ. ఏమైనా ఆ సంగతి పని మొదలుపెట్టే ముందే చెప్పాలి. తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

పాచి, చిగుళ్ల వాపుల మధ్య లంకెను 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం తేల్చిచెప్పింది. చిగుళ్లు బాగున్న 12 మందిచేత పళ్లు తోమడం మాన్పిస్తే మూడు వారాల్లోపే అందరికీ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక సర్దుకున్నాయి. కాబట్టి రక్తం కనపడగానే బ్రష్ పక్కన పడేయడం తలకిందుల వైద్యం. సిగరెట్ తాగేవాళ్లది మరో చిక్కు. నికోటిన్ రక్తనాళాల్ని బిగించేస్తుంది, లోపల జేబు లోతవుతున్నా రక్తం అంతగా కనపడదు. షాట్‌కీ షాట్‌కీ మధ్య టీకొట్టు దగ్గర దమ్ము లాగేవాళ్లకి హెచ్చరిక కూడా అందదన్నమాట.

చివర్లో రబ్బరు కప్పుతో పేస్టు రుద్ది మెరుగు పెడతారు. పేషెంటు అద్దంలో చూసుకుని మురిసేది దాన్ని చూసే. నాలుగైదు రోజులు చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటుంది, తగ్గిపోతుంది. పని ఎలా కుదిరిందో మాత్రం ఆ అద్దంలో కనపడదు. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత మళ్లీ ప్రోబ్ దించి, పాత అంకెల పక్కన కొత్తవి రాస్తారు. 5 ఉన్న చోట 3 పడితే చిగురు పంటిని పట్టుకున్నట్టే. ఏదో ఒక మూల 5 అలాగే ఉండి, రక్తమూ వస్తుంటే, నోరంతా మళ్లీ కెలకరు. ఆ ఒక్క పంటికి, ఆ ఒక్క వైపుకే 13/14 బయటికి తీస్తారు.