మండువా ఇంటికి గసగసాల గుబ్బలు

ఈ సంక్రాంతికి నేస్‌లో మనవాళ్ళు పెట్టిన బొమ్మల కొలువుల్లో అందరినీ నిలబెట్టినది ఒక మండువా లోగిలి నమూనా. అట్టపెట్టెలు, అగ్గిపుల్లలు, టూత్‌పిక్కులు, నేలకు ఎండబెట్టిన టీ పిప్పి. ఖర్చంతా జిగురుకే అయివుంటుంది. పనితనాన్ని మెచ్చుకుంటూనే కొన్ని మాటలు చెప్పదలిచాము.

అన్నిటికంటే మాకు నచ్చినది వీధి తలుపు. నమూనా కొలత 1:50. రెండు మీటర్ల తలుపు 4 సెంటీమీటర్లయింది. దాని మీది ఇత్తడి గుబ్బలకు ఆవగింజలు కాక గసగసాలు అతికించారు. ఆవగింజ రెండు మిల్లీమీటర్లనుకుంటే అసలు తలుపు మీద 10 సెంటీమీటర్ల గుబ్బ అవుతుంది. అది కోట గుమ్మానికి చెల్లుతుందేమో గాని కాపురాల ఇంటికి కాదు. గసగస గింజ అందులో సగం. పోపులపెట్టె ముందు కూర్చుని ఈ లెక్క వేసిన ఇల్లాలికి మా నమస్కారం! వాసాలకు అగ్గిపుల్లలూ సరిగ్గా కుదిరాయి.

పైకప్పు దగ్గర ఆ లెక్క మరిచారు. పార్సెల్ అట్ట మీది కాగితం ఒలిచి, లోపలి ముడతలనే గూన పెంకులన్నారు. ముడతకూ ముడతకూ ఎడం సుమారు 7 మిల్లీమీటర్లు. 50 రెట్లు చేస్తే 35 సెంటీమీటర్లు. అంత వెడల్పు గూన పెంకు ఏ కుమ్మరి చేశాడు? చిన్న సామాన్ల పెట్టెలకు సన్న ముడతల అట్ట వస్తుంది. అదీ ఊరికే దొరికేదే.

తులసికోట మాత్రం కొన్న ప్లాస్టిక్ సరుకు, పక్కనున్న బామ్మ బొమ్మ కంటే ఎత్తు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్క ముక్కలను అతికి, పైన రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపిన మక్కుతో రూపు దిద్దుతారు. రంపపు పొట్టు ఇక్కడా ఉంది, చెక్క జిగురూ ఉంది.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటే: మండువాను కప్పేశారు. నేస్‌లో పిల్లలు ఎరిగిన కప్పులన్నీ వాన నీటిని బయటికి జార్చేవి. మండువాలో నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి వానను నట్టింట్లోకే దింపుతుంది. ఒక పిల్లవాడు ఈ ఇంటికి పొగగొట్టం ఏదని అడిగాడట. వాడి తప్పేముంది? తాతగారి ఊళ్ళో అసలు ఇల్లు పడగొట్టేసి ఉండవచ్చు. వాడికి మిగిలేది ఈ అట్ట ఇల్లే.

కప్పు నడుమ ఆరు సెంటీమీటర్ల చదరం కోసి, నాలుగు అంచులనూ లోపలికి వాల్చి, కింద చాక్లెట్ రేకు పరిస్తే వాన నీరవుతుంది. వచ్చే కొలువు దాకా ఆగనక్కరలేదు, ఒక సాయంత్రం పని.