‘తండ్రి వృత్తి’ అనే గడి

తల్లిదండ్రుల వృత్తికీ పిల్లల మార్కులకూ ఉన్న సంబంధంపై మన దగ్గర జరిగే పరిశోధనలు చాలా మట్టుకు ఒకే ప్రశ్నావళితో మొదలవుతాయి. ‘తండ్రి వృత్తి’ అని ఒక గడి. అందులో ఉద్యోగి, వ్యాపారి, రైతు, కూలి. చివరికి ఏం తేలుతుందో ముందే తెలుసు: కూలోళ్ల పిల్లలు వెనకబడ్డారు, కారణం ఇంటి వాతావరణం. 1966లో అమెరికాలో కోల్మన్ నివేదిక బడి కన్నా కుటుంబ నేపథ్యమే ఎక్కువ ప్రభావం చూపుతుందని చెప్పినప్పటి నుంచి ఈ మాటకు శాస్త్రం ముద్ర కూడా పడింది. సంబంధం ఉందన్నది మేము కాదనడం లేదు. ఆ గడినే ప్రశ్నిస్తున్నాం.

బోధన్ సంగతి చూడండి. శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పర్మినెంటు కార్మికుడు ‘ఉద్యోగి’ గడిలో ఉండేవాడు. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీయే మూతపడింది. పని పోయి అడ్డా మీద నిలబడ్డ తండ్రి ‘కూలి’ గడిలోకి జారాడు. ఇల్లు అదే, తల్లి అదే, పిల్ల అదే. ఆ పిల్లకు మార్కులు తగ్గితే కారణం ‘ఇంటి వాతావరణం’ అని రాస్తారా, ఫ్యాక్టరీ మూత అని రాస్తారా? ‘రైతు’ గడి కూడా ఇట్లాంటిదే. చెరకు తోటలున్న ఆసామీ, ఎకరం చెలక ఉన్న మాదిగా అందులో ఒక్కటే. కులం ఎక్కడా రాయకుండానే లెక్క పూర్తయిపోతుంది.

నిజామాబాద్ పట్నంలోనైతే ఈ గడి మరీ గుడ్డిది. అడిగేది తండ్రి పని. ఎన్నో ఇండ్లు నడిచేది తల్లి చేసే బీడీల మీద. దళిత, పద్మశాలి, ముస్లిం ఆడోళ్లు ఇంటి ముందల చాట ఒళ్లో పెట్టుకొని చేస్తుంటారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. వెయ్యి నిండాలంటే తునికాకు కత్తిరించేందుకు, బీడీ మూతి మలిచేందుకు బడి నుంచి వచ్చిన బిడ్డ చేతులు కూడా కావాలె. కొడుకు పుస్తకం ముందర కూర్చుంటే బిడ్డ చాట ముందర కూర్చుంటది. అంటే ఇక్కడ వృత్తి తల్లిదొక్కతిదే కాదు, బిడ్డది కూడా. 1986 బాలకార్మిక చట్టం బీడీల పనిని పిల్లలకు నిషేధించింది గాని, ఇంట్లోవాళ్లతో కలిసి చేసే పనిని వదిలేసింది. చట్టం చూడనన్నదాన్ని ప్రశ్నావళి కూడా చూడలేదు.

ప్రశ్నావళి పట్టుకొని బడికి పోయే బి.ఎడ్. విద్యార్థులను మేము అడిగేది ఇంతే. తల్లి పని రాయండి, కులం రాయండి, తండ్రి పని ఎప్పుడు, ఎందుకు మారిందో రాయండి. నిన్న సాయంత్రం బడి విడిచినంక ఎన్ని బీడీలకు మూతి మలిచిందో ఆ పిల్లనే అడగండి.